సముద్రం పక్కన 741 కి.మీ. ఏడేళ్లలో వేశారు, మన 123 కి.మీ.కు ఇరవై ఏళ్లు ఎందుకు పట్టింది?

కోయిలకుంట్ల కుర్రాడు · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసును తొలుస్తున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నా.

నంద్యాల–ఎర్రగుంట్ల లైను 1996–97 బడ్జెట్‌లో మంజూరైనప్పుడు నాకు ఐదేళ్లు. దాని మీద రైలు నడిచింది 2016 ఆగస్టులో. అప్పటికి నాకు పాతికేళ్లు. దూరం 123 కి.మీ. బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, అంతా దాదాపు చదును నేల. మా జేజినాయన మట్టికట్ట పోయడం చూశాడు, కంకర దించడం చూశాడు. రైలు మాత్రం చూడకుండానే పోయాడు. సాయంత్రమైతే ఆ కట్ట మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చునేవాడు. "ఈ పక్కనుంచి వస్తాదిరా బండి" అని నాకు చేయి చాపి చూపించేవాడు.

పోయిన నెల స్నేహితులతో ఉడిపి వెళ్లి వస్తూ గోవాలోని మడగావ్ దాకా, పడమటి తీరం వెంట పోయే కొంకణ్ రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చుంటే బోగదా, వంతెన, మళ్లీ బోగదా. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, 1990 సెప్టెంబర్ 15న మహారాష్ట్రలోని రోహాలో శంకుస్థాపన చేసి 1998 జనవరి 26కల్లా లైనంతా తెరిచారని. 741 కి.మీ., 91 సొరంగాలు, దాదాపు రెండు వేల వంతెనలు.

వాళ్లకు కొండలూ నదులూ వానలూ అడ్డం. మాకు అడ్డమేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి. ఎవరినో తిట్టడానికి అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

---

లెక్కల మేడం, ప్రొద్దుటూరు · ఆదివారం రాత్రి 9:41

బాబూ, నువ్వు చెప్పిన తేదీలతోనే లెక్క వేశాను. వాళ్లది ఏడేళ్ల నాలుగు నెలలు, అంటే ఏడాదికి సుమారు వంద కి.మీ. మనది ఏడాదికి ఆరు కి.మీ. పైచిలుకు. వాళ్ల లైనులో సొరంగాల పొడవే 84 కి.మీ. మన లైను మొత్తంలో మూడింట రెండు వంతులంత దూరం వాళ్లు కొండల కడుపులో తవ్వుకుంటూ పోయారన్నమాట.

ఈ లెక్క రేపు క్లాసులో పిల్లలకు ఇస్తాను.

---

గుంతకల్ పాత గ్యాంగు · ఆదివారం రాత్రి 10:25

నేను ట్రాక్ పనుల్లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. కొంకణ్‌లో పని చేయలేదు కానీ ఆ పని జరిగినన్నాళ్లూ మా వాళ్లందరం చెవులు అటే వేసి వినేవాళ్లం. తెలిసినంత చెబుతాను, ఓపికగా చదవండి.

ముందు ఒక సంగతి. ఆ లైను లేనప్పుడు బొంబాయి నుంచి మంగళూరు వెళ్లే మనిషి రైలెక్కితే ఎటు పోయేవాడు? మన మీదుగానే. షోలాపూర్, రాయచూర్, గుంతకల్లు, కడప, రేణిగుంట దాటి, తమిళనాడు అడ్డంగా కోసుకుని, పాలక్కాడ్ సందులోంచి పడమటి తీరానికి దిగి, మళ్లీ ఉత్తరానికి ఎక్కేవాడు. 2,041 కి.మీ., దాదాపు 41 గంటలు. కొంకణ్ లైను పడ్డాక అది 914 కి.మీ. అయింది, పదిహేను గంటల ప్రయాణం. మే నెలలో గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద పిల్లల్ని చంకనేసుకుని కుళాయి దగ్గర తోసుకునే మలబారు కుటుంబాలను నేను ఏళ్ల తరబడి చూశాను. ఒకాయన కూజా నింపుకుంటూ "మా ఊరు బొంబాయికి దక్షిణాన ఉంది, నేను తూర్పున ఎందుకున్నాను?" అని నన్నే అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఇక నీ ప్రశ్న. తేడా నేలలో లేదు నాయనా, డబ్బు వచ్చే పద్ధతిలో ఉంది.

మామూలుగా కొత్త లైను మంజూరైతే ఏటా బడ్జెట్‌లో దానికింత అని రాస్తారు. ఆ పద్దుల పుస్తకాన్ని మేము పింక్ బుక్ అంటాం. దేశమంతా వందల లైన్లు మంజూరై ఉంటాయి, ఉన్న డబ్బు అందరికీ పంచాలి. కొన్ని లైన్లకు పేరు బతికి ఉండటానికి వెయ్యి రూపాయలు కేటాయించిన ఏళ్లు కూడా ఉన్నాయి. ఈ ఏడు కట్ట పోస్తాం, వచ్చే ఏడు డబ్బు రాదు, ఆ పై ఏడు వానకు కట్ట కోసుకుపోతుంది, మళ్లీ పోస్తాం. మీ వైపు నల్లరేగడి. ఎండకు బెత్తెడు పగుళ్లిచ్చి, వానకు ఉబ్బే నేల అది. పోసిన కట్టను ఖాళీగా వదిలేస్తే పాడవుతుంది.

కొంకణ్‌కు అలా వద్దనుకున్నారు. 1989 డిసెంబర్‌లో వచ్చిన కేంద్ర ప్రభుత్వంలో రైల్వే మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్, ఆర్థిక మంత్రి మధు దండవతే. ఒకాయనది మంగళూరు, రెండో ఆయన కొంకణ్‌లోని రాజాపూర్ ఎంపీ. లైను అవసరమేమిటో ఇద్దరికీ ఒకరు చెప్పనక్కర్లేదు. 1990 జూలై 19న ప్రత్యేకంగా కంపెనీయే పెట్టారు. అందులో వాటా కేంద్రానికి 51 శాతం, మహారాష్ట్రకు 22, కర్ణాటకకు 15, గోవాకు, కేరళకు చెరో 6. మిగతా డబ్బు బాండ్లు అమ్మి జనం దగ్గర అప్పు తెచ్చారు. అప్పు తెచ్చినవాడికి నిద్ర పట్టదు కదా. పని ఒక రోజు ఆగితే ఆ రోజు వడ్డీ నెత్తిన పడుతుంది. పని పరుగెత్తడానికి అదొక పెద్ద కారణం.

మిగతాది రేపు రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.

---

చీనీతోట, వేంపల్లె · సోమవారం ఉదయం 6:50

పెద్దాయన రాసింది చదివి కడుపు తరుక్కుపోయింది. డబ్బు గురించి చెప్పారు, నేను భూమి గురించి చెబుతా.

ఒక లైను కోసం మా చీనీతోటలో సర్వే రాళ్లు పాతారు. ఏ లైనో, ఏ ఆఫీసో ఇక్కడ రాయను. తెల్లసున్నం కొట్టి ఎర్రరంగుతో నెంబరు వేసిన రాయి, మూడో వరస నాలుగో చెట్టు మొదట్లో. ఆ రోజు నుంచీ ఆ భూమి మాది కాదు, వాళ్లదీ కాదు. కొనేవాడు రాడు. బోరు వేద్దామంటే రేపు పోయే భూమిలో లక్షలు పోస్తావా అంటారు ఇంట్లో. చెట్లు ముసలివయ్యాయి, కొత్తవి నాటలేదు. రంగు వెలిసి నెంబరు కనపడడం లేదు కానీ రాయి మాత్రం అక్కడే ఉంది.

భూమి ఇవ్వనని నేనెప్పుడూ అనలేదు. రైలు రావాలి. తీసుకునేదేదో తీసుకుని, డబ్బు చేతిలో పెట్టి, పని మొదలెట్టండి అంటున్నా. కొంకణ్‌లో భూమి పోయినవాళ్లు ఎంతమంది, వాళ్లకు ఏం చేశారు?

---

గుంతకల్ పాత గ్యాంగు · సోమవారం ఉదయం 11:15

చీనీతోట తమ్ముడూ, నీ బాధ న్యాయమైనది. అక్కడ భూమి ఇచ్చినవాళ్లు 40 వేలకు పైనే. చిన్న చిన్న కమతాలు, కొబ్బరితోటలు, జీడిమామిడి, మామిడి. తీరం వెంట జాగా తక్కువ, జనం ఎక్కువ. భూమి పోయిన కుటుంబాల వాళ్లకు కంపెనీ ఉద్యోగాలిచ్చారు, ఆ లైను మీద ఇప్పటికీ పని చేస్తున్నారు. గోవాలో మాత్రం పెద్ద గొడవే అయింది. లైను తీరం పక్కన వద్దు, లోపలి కొండల వైపు జరపండి అన్నారు. ఉప్పునీరు రాకుండా గట్లు కట్టి సాగు చేసుకునే ఖజాన్ పొలాలు దెబ్బతింటాయని, పాత గోవా చర్చిలకు ముప్పని వాదించారు. 1993లో అక్కడ పని కొంతకాలం ఆపి, జస్టిస్ ఓఝా కమిషన్ వేశారు. తర్వాత మళ్లీ సాగింది. కాబట్టి అక్కడ అంతా పూలబాట అనుకోవద్దు.

నిన్న ఆపిన చోట నుంచి చెబుతాను. కంపెనీకి మొదటి అధిపతి ఇ. శ్రీధరన్. 1964 డిసెంబర్ తుపానుకు పాంబన్ వంతెన కొట్టుకుపోతే 46 రోజుల్లో నిలబెట్టింది ఆయనే, అప్పుడు కుర్ర ఇంజినీరు. 1990లో రైల్వే బోర్డు నుంచి రిటైరవగానే ఈ పని అప్పగించారు. లైనును ఏడు భాగాలు చేశాడు: మహాడ్, రత్నగిరి ఉత్తరం, రత్నగిరి దక్షిణం, కుడాల్, గోవా, కార్వార్, ఉడిపి. ఒక్కో భాగానికి ఒక చీఫ్ ఇంజినీరు, నిర్ణయం అక్కడికక్కడే. మా దగ్గర ఒక కల్వర్టు డిజైను మార్చాలంటే ఫైలు ఎన్ని బల్లలు తిరిగేదో నాకు తెలుసు కాబట్టి ఆ మాట వింటేనే ఒళ్లు పులకరించేది. వాళ్ల ఆఫీసుల్లో ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో వెనక్కి లెక్కపెట్టే గడియారాలు పెట్టించాడు.

ఇప్పుడు నాకు ప్రాణమైన విషయం, లైను గీయడం. అసలు విద్య అంతా అక్కడే ఉంది.

అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో గుంతకల్లు నుంచి గోవా వెళ్లినవాళ్లకు కాజిల్‌రాక్ ఘాటు తెలుసు. అక్కడ 37 అడుగులు పోతే ఒక అడుగు దిగుతుంది. ఎక్కేటప్పుడు వెనక అదనపు ఇంజన్లు పెట్టి తోయాలి. పాత కాలంలో కొండను తవ్వే శక్తి తక్కువ కాబట్టి కొండ చుట్టూ పాములా తిరుగుతూ ఎక్కించారు. కొంకణ్ వాళ్లు ఆ దారి పట్టలేదు. 150 అడుగులకు ఒక అడుగు మించి ఎక్కకూడదు, మలుపు 1,250 మీటర్ల వ్యాసార్ధం కంటే బిగుతుగా ఉండకూడదు, 160 కి.మీ. వేగానికి సరిపోవాలి అని ముందే గిరి గీసుకున్నారు. అలా గీసుకుంటే రైలు కొండను చుట్టలేదు, దూసుకుపోవాల్సిందే. లోయలోకి దిగలేదు, పైనుంచి దాటాల్సిందే. అందుకే 91 సొరంగాలు. రత్నగిరి దగ్గర కర్బుడే సొరంగం ఆరున్నర కి.మీ. అక్కడికి దగ్గర్లోనే పన్వల్ నది మీద వంతెన, నేల నుంచి 64 మీటర్ల ఎత్తు. అంటే మన కుతుబ్ మినార్‌కు ఓ తొమ్మిది మీటర్లు మాత్రమే తక్కువ. ఆ వంతెన పైభాగాన్ని ఒక ఒడ్డున పోత పోసి, గట్టిపడ్డాక జాక్‌లతో లోయ మీదికి ముందుకు నెట్టారు, మళ్లీ ఇంకో ముక్క పోసి మళ్లీ నెట్టారు. మన దేశంలో ఆ పద్ధతి అదే మొదలు. గట్టి రాతి కొండలకు స్వీడన్ నుంచి హైడ్రాలిక్ డ్రిల్లింగ్ యంత్రాలు తెప్పించారు.

రాయి మీద వాళ్లు గెలిచారు. వాళ్లను ఏడిపించింది మన్ను.

---

కోసిగి మేస్త్రీ కొడుకు · సోమవారం రాత్రి 8:32

సార్, మీ చివరి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాయన ఆ మన్నులో పని చేశాడు.

మాది కోసిగి పక్కన ఊరు. కరువొస్తే ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పోయే ప్రాంతం మాది, అందరికీ తెలిసిందే. నాయన వాళ్ల జట్టు 1993లో హొన్నావర వైపు పోయింది. ఏ కాంట్రాక్టరు కిందో రాయడం నాకిష్టం లేదు. మీరు సొరంగం అంటున్నారు, నాయన బోగదా అనే అంటాడు. ఇవాళ ఫోన్‌లో ఇదంతా చదివి వినిపిస్తే, ఎప్పుడూ చెప్పనివి చెప్పాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

"ఆ మన్ను పసుపచ్చగా, తెల్లగా, అక్కడక్కడా గులాబీ చారలతో ఉండేది. చేతిలోకి తీసుకుంటే గట్టిగానే ఉంటాది. నీళ్లు తగిలితే సంగటి గంజి మాదిరి జారిపోతాది. ముందు పైన కడ్డీలు వరసగా గొడుగు మాదిరి లోపలికి కొట్టాల. వాటి కింద అర మీటరు తవ్వాల. తవ్విన వెంటనే ఇనుప కమాను నిలబెట్టాల. కమానుకీ మన్నుకీ మధ్య సందు ఉంటే గోనెసంచుల్లో మన్ను నింపి కూరాల, ఆ పైన సిమెంటు. ఒక్కోసారి పొద్దంతా చేసిన అర మీటరు రాత్రికి పూడిపోయేది. పొద్దున వచ్చి మళ్లీ మొదటి నుంచీ.

వానాకాలంలో పైన కొండలో నీళ్లు నిండేవి. బోగదాలో నీళ్లు చుక్కలుగా కారతా ఉంటే భయం లేదు. చుక్క ఆగిపోతే భయం. ఎక్కడో గూడు కట్టుకుంటా ఉందని అర్థం. మా ముఠాలో పెద్దాయన ఒకాయన చుక్క ఆగిందంటే చాలు, తట్ట వదిలేసి బయటికి పొమ్మనేవాడు. జీతం కోస్తారన్నా వినేవాడు కాదు."

ఒక రాత్రి మన్ను పెల్లుబికి నాయన నడుము దాకా కూరుకుపోయాడు. ఇద్దరు లాగారు, ఒకరు కన్నడ మనిషి, ఇంకొకరు ఒరియా కుర్రాడు. చెప్పు ఒకటి మన్నులోనే ఉండిపోయిందట. ఆ చెప్పు ఇప్పటికీ ఆ కమాను వెనకే ఉంటుందని చెప్పి చాలాసేపు ఊరుకున్నాడు.

మెత్తటి మన్నున్న ఆ సొరంగాల్లో 19 మంది చనిపోయారని నేను చదివాను. వాళ్ల ఊర్లేవో నాకు తెలియదు.

---

లెక్కల మేడం, ప్రొద్దుటూరు · సోమవారం రాత్రి 9:05

నాయనా, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. పిల్లలకు లెక్క ఇచ్చేటప్పుడు ఆ 19 కూడా చెప్తాను. నిన్న ఆ మాట చెప్పకుండా ఏడాదికి వంద కి.మీ. అని రాసినందుకు మనసు నొచ్చుకుంటోంది.

---

గుంతకల్ పాత గ్యాంగు · సోమవారం రాత్రి 9:48

అమ్మా, మీరు రాసిన లెక్కలో తప్పు లేదు. నొచ్చుకోవద్దు.

మేస్త్రీ కొడుకా, మీ నాయన చెప్పిన చుక్క సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు. ముప్పై నాలుగేళ్లు చేసినవాణ్ణి, ఇవాళ కొత్తది నేర్చుకున్నా.

అలాంటి మెత్తమన్ను సొరంగాలు తొమ్మిది. కర్బుడే లాంటి రాతి సొరంగాలు ముగిసినా ఇవి ముగియలేదు. గోవా ఉత్తరాన పెర్నెం సొరంగం ఒకటిన్నర కి.మీ.యే, కానీ లైను మొత్తం దాని కోసం ఎదురుచూసింది. రెండు పక్కలా పట్టాలు పడి, స్టేషన్లకు రంగులు వేసి, మధ్యలో ఆ ఒక్క కొండ. మంగళూరు–ఉడిపి మధ్య 1993 మార్చిలోనే ప్యాసింజరు నడిచింది. ముక్కలు ముక్కలుగా తెరుస్తూ వచ్చి, పెర్నెం కుదిరాకే 1998లో మొత్తం కలిసింది.

ఆ కొండ ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. 2020 ఆగస్టులో లోపలి గోడ కొంత కూలింది. 2024 జూలైలో నీళ్లు ఉబికి రైళ్లు ఆపాల్సి వచ్చింది.

---

అనంత వాన · మంగళవారం ఉదయం 7:20

నేను అనంతపురం మనిషిని. మా జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది 550 మి.మీ. చుట్టుపక్కల. మబ్బు పడితే పిల్లలు వీధిలోకి పరుగెత్తే ఊరు. అందుకే వాన చూడ్డానికే రెండేళ్ల కింద జూలైలో మడగావ్ నుంచి రత్నగిరి దాకా వెళ్లాను. ఇక్కడ ఏడాదిలో పడేంత వాన అక్కడ ఒక వారంలో పడిపోతుందని ఎదురు సీటాయన చెప్పాడు.

ఒక కటింగ్‌లో, అంటే కొండను కోసి తీసిన దారిలో, బండి బాగా నెమ్మదించింది. రెండు పక్కలా ఎర్రటి చిట్రాతి గోడలు, వాటి మీద ఇనుప వల పరిచి ఉంది. వల కన్నాల్లోంచి నీళ్లు వందల దారలుగా కారుతున్నాయి. గోడకు ఆనుకుని ఒక మనిషి, మోకాళ్ల కింది దాకా రెయిన్‌కోటు, చేతిలో పచ్చజెండా, భుజాన సంచి, నడుముకు వాకీటాకీ. బండి పోయేదాకా జెండా పట్టుకుని కదలకుండా నిల్చున్నాడు. నేను చేయి ఊపాను. రెండో చేత్తో ముఖం మీద నీళ్లు తుడుచుకుని నవ్వాడు. సముద్రం కంటే, వంతెనల కంటే నాకు ఆ మనిషే గుర్తుండిపోయాడు.

ఇంతకీ ఆ వలలు మొదటి నుంచీ ఉన్నాయా?

---

గుంతకల్ పాత గ్యాంగు · మంగళవారం ఉదయం 10:02

చాలా వరకు తర్వాత వచ్చినవే. 2003 జూన్ 22 రాత్రి వైభవ్‌వాడి దగ్గర కటింగ్ నుంచి బండరాళ్లు పట్టాల మీద పడి, స్పెషల్ రైలు పట్టాలు తప్పి, 50 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడు జూన్‌లో మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్ కూడా అలాగే బండరాయి తగిలి వంతెన దగ్గర పడిపోయింది. ఆ తర్వాత కటింగుల వాలు తగ్గించారు, వలలు వేశారు, గోడలు కట్టారు. జూన్ మధ్య నుంచి ఏటా వానాకాలపు టైంటేబుల్ ఉంటుంది. జోరువానలో బండి 40 కి.మీ. మించదు. మాండవి, జువారి, శరావతి, పన్వల్ వంతెనల దగ్గర గాలి వేగం కొలిచే యంత్రాలుంటాయి. గాలి హద్దు దాటితే బండి ఆగాల్సిందే.

నువ్వు చూసిన మనిషిని పెట్రోల్‌మన్ అంటాం. వానలో కొన్ని కిలోమీటర్ల ట్రాక్ అతని కళ్ల మీదే ఉంటుంది.

పని తొందర గురించి మా వాళ్లలో అప్పుడూ రెండు మాటలుండేవి. కటింగులు ఇంకాస్త వెడల్పుగా తవ్వి ఉంటే ఆ రాళ్లు పట్టాల దాకా వచ్చేవి కావు అన్నవాళ్లున్నారు. వెడల్పు పెంచాలంటే ఇంకా భూమి కావాలి, ఇంకా ఇళ్లు పోతాయి అన్నవాళ్లూ ఉన్నారు. నేను మొదటి పక్షం. వానలు తెలిసిన తీరంలో కొండను నిలువుగా కోసి వదలకూడదు.

---

ఓబులవారిపల్లె గూడ్స్ · మంగళవారం మధ్యాహ్నం 3:40

అందరూ కొంకణ్ గురించే రాస్తున్నారు, మన ఇంటి ముందున్నది మరిచిపోయారు. వెలికొండలు తొలిచి కృష్ణపట్నం రేవుకు వేసిన లైను మాటేమిటి? చెర్లోపల్లి, రాపూరు మధ్య సొరంగం 6.6 కి.మీ. కర్బుడే కంటే ఓ పిసరు పెద్దదే. 2019 సెప్టెంబర్ 1న వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. అప్పటికి దేశంలో కరెంటు రైళ్లు నడిచే సొరంగాల్లో అదే పొడవైనది. 43 నెలల్లో తవ్వారు, 437 కోట్లు ఖర్చు.

రేవు నుంచి గుంతకల్లు వైపు వచ్చే గూడ్సు ఇదివరకు గూడూరు, రేణిగుంట చుట్టి వచ్చేది. అక్కడ ప్యాసింజర్ బండ్లకు దారిచ్చి లూపులో, అంటే పక్క పట్టాల మీద, గంటలు గంటలు నిలబడేవాళ్లం. ఇప్పుడు నేరుగా కొండలోకి పోతాం. లోపలికి వెళ్లగానే ఇంజన్ చప్పుడు మారిపోతుంది. ఎండాకాలం అయితే మొహానికి చల్లగాలి తగులుతుంది. అవతల వెలుతురు మొదట సూదిబెజ్జమంత కనిపిస్తుంది.

అది కూడా కంపెనీ పెట్టే కట్టారు, కృష్ణపట్నం రైల్వే కంపెనీ అని 2006లో. కాబట్టి పాత గ్యాంగు సార్ చెప్పింది మన నేల మీదా నిజమే.

---

చీనీతోట, వేంపల్లె · మంగళవారం సాయంత్రం 5:15

అన్నా, రేవు లైనుకు బొగ్గు ఉంది, ముగ్గురాయి ఉంది, ఎరువులున్నాయి. కంపెనీ పెట్టడానికి ఎవరైనా ముందుకొస్తారు. కడప–బెంగళూరు లైను 2008–09లో మంజూరైంది, సగం ఖర్చు రాష్ట్రం పెట్టుకోవాలన్నారు. కడప నుంచి పెండ్లిమర్రి దాకా 21 కి.మీ. వేసి ఆగింది. మేము మోసేది మనుషులను, చీనీకాయలను, టమాటాలను. మాకు ఎవరు కంపెనీ పెడతారు?

---

లెక్కల మేడం, ప్రొద్దుటూరు · మంగళవారం రాత్రి 8:50

ఈ ప్రశ్న చాలా ముఖ్యం. కొంకణ్ కంపెనీ కూడా అప్పుతో సుఖపడలేదు. లైను ఖర్చు వడ్డీలతో కలిపి 3,500 కోట్ల దాకా చేరింది. అనుకున్నంత సరుకు రాలేదు. లారీలనే రైలెక్కించి మోసే రోరో పద్ధతి 1999లో పెట్టి కొంత సంపాదించారు, అది బాగా నడిచింది. అయినా చాలక, ప్రయాణికుల టికెట్‌లో దూరాన్ని 40 శాతం పెంచి చార్జీ వేశారు. అంటే వంద కి.మీ. పోతే నూట నలభైకి కట్టాలి. లైను త్వరగా రావడానికి ఆ తీరంలోని మామూలు మనుషులు ఏళ్ల తరబడి అదనంగా కట్టారు. 2025కల్లా నాలుగు రాష్ట్రాలూ కంపెనీని భారతీయ రైల్వేలో కలిపేయడానికి ఒప్పుకున్నాయి.

నన్నడిగితే, టికెట్ మీద కొంత ఎక్కువ కట్టినా నష్టం లేదు. నేను ప్రొద్దుటూరు నుంచి నంద్యాలకు బస్సులో ఇరవై ఏళ్లు తిరిగాను. ఆ నడుము నొప్పికీ మందుల ఖర్చుకీ లెక్క కడితే టికెట్ చవకే. చీనీతోట తమ్ముడి తోటలో పదేళ్లు బోరు పడకపోవడానికి లెక్క ఎవరు కడతారు? ఆ నష్టం ఏ పద్దులోనూ కనపడదు.

---

కోయిలకుంట్ల కుర్రాడు · మంగళవారం రాత్రి 10:30

మేడం, సార్, అన్నలూ, నేను అడిగిన దానికి ఇంత దొరుకుతుందనుకోలేదు. నా ప్రశ్నకు జవాబు దొరికింది. మా జేజినాయన చూసింది ఏడాదికోసారి వచ్చే చిల్లర డబ్బుతో కట్టిన కట్ట. ఒకేసారి డబ్బు, ఒక మనిషి చేతికి పని, భూమికి వెంటనే పైకం ఉంటే ఆయన బండి చూసి ఉండేవాడు.

కోసిగి అన్నా, నాయన ఆ లైను మీద రైల్లో ఎప్పుడైనా వెళ్లాడా?

---

కోసిగి మేస్త్రీ కొడుకు · బుధవారం ఉదయం 6:35

లేదు తమ్ముడూ. 1995లో అమ్మకు బాగాలేక వచ్చేశాడు. పట్టాలు పడక ముందే. ఆ తర్వాత అటు పోలేదు. నిన్న రాత్రి నీ ప్రశ్న చదివి వినిపించా. "పోయి ఏం చూడాల, చీకటే కదా" అన్నాడు. పొద్దున లేచేసరికి మాత్రం, ఉతికిన పంచె తీసి మంచం మీద పెట్టుకున్నాడు.

దారి చెప్పండి సార్.

---

గుంతకల్ పాత గ్యాంగు · బుధవారం ఉదయం 8:05

వానాకాలపు టైంటేబుల్ అయిపోయాక పొండి, బండ్లు వేగంగా నడుస్తాయి. కోసిగి నుంచి గుంతకల్లు రండి. ఇక్కడ అమరావతి ఎక్కితే హుబ్లీ, కాజిల్‌రాక్ దాటి మడగావ్. వారంలో కొన్ని రోజులే ఉంటుంది, చూసుకుని బుక్ చేయండి. మడగావ్‌లో మంగళూరు వైపు పోయే ప్యాసింజరు ఎక్కండి. ఎక్స్‌ప్రెస్ వద్దు. ప్యాసింజరైతే ప్రతి స్టేషన్లో ఆగుతుంది, నాయన గుర్తుపట్టడానికి టైం ఉంటుంది. కార్వార్, అంకోలా, గోకర్ణ రోడ్, కుమట, ఆ తర్వాత హొన్నావర. కుడివైపు కిటికీలో కూర్చోబెట్టు. హొన్నావర దాటగానే శరావతి వంతెన వస్తుంది, రెండు కి.మీ. పైన, ఆ లైనులో అన్నిటికంటే పొడవైనది. నది సముద్రంలో కలిసేది ఆ పక్కే.

టార్చిలైటు తీసుకెళ్లు. బోగదాలో గోడ మీద వేస్తే సిమెంటు పూత, అక్కడక్కడా నీటి చారలు కనిపిస్తాయి.

తిరుగు ప్రయాణంలో గుంతకల్లులో దిగి మా ఇంటికి రావాలి. స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరమే. మీ నాయన చెప్పేది నేను నోట్సు రాసుకోవాలి. చుక్క ఆగడం గురించి ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి.

---

చీనీతోట, వేంపల్లె · బుధవారం ఉదయం 8:40

సార్ ఇంటికి వచ్చే రోజు చెప్పండి. కడప నుంచి పొద్దున బండికి నేనూ వస్తా. ఒక బుట్ట చీనీకాయలు తెస్తా, ఆ రాయి పక్క చెట్టువే.